చిన్నత్త బీరువా మీద ఆరుగురు దేవుళ్ళు

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్న మా కోడలు మౌనిక చేతిలో ఇసుక కాగితం పట్టుకుని బాల్కనీలో నిలబడింది. కాఫీ గ్లాసుతో నేనూ పక్కన నిలబడ్డాను. మా ఎదురుగా మా చిన్నత్త బీరువా. భుజమెత్తు చెక్క బీరువా, రెండు తలుపులు, తలుపుకి మూడేసి పలకలు, పలకకో దేవుడు. వార్నీషు ముదిరి బెల్లం రంగుకి తిరిగిపోవడం వల్ల దేవుళ్ళందరికీ కామెర్లు వచ్చినట్టుంటుంది. మౌనిక ఈమధ్య పాత సామానుకి రంగులేసి, పైన పూల కాగితాలు అంటించి, మళ్ళీ కొత్తవాటిలా చేయడం ఫోనులో చూసి నేర్చుకుంది. డికూపాజ్ అంటారట. ముందు వంటింటి స్టూలు, తర్వాత నా కుట్టుమిషను బల్ల, ఆ తర్వాత పిల్లల పెన్నుల డబ్బా, ఇలా మా ఇంట్లో కదలకుండా ఒకచోట ఉన్న ప్రతి వస్తువు మీదా గులాబీలు పడుతున్నాయి. మధ్యాహ్నం పూట కుర్చీలో ఎక్కువసేపు కునుకు తీయడం నేను కూడా మానేశాను.

"పాత కాయితాలు గీకేస్తే గానీ రంగు పట్టదత్తయ్యా" అంది. "గీకు మరి" అన్నాను. "దేవుళ్ళు కదా, నేనెలా గీకుతాను? మీరైతే పెద్దోళ్ళు" అంది. పాపాన్ని వయసు ప్రకారం పంచుకోవాలని ఆ పిల్ల ఉద్దేశం. పొద్దుటినుంచి రాత్రి దాకా కంప్యూటరు ముందు కూచుని ఎక్కడెక్కడి దేశాల వాళ్ళతోనో ఇంగ్లీషులో వాదించే మనిషి, కాలెండరు లక్ష్మీదేవి దగ్గరికొచ్చేసరికి అత్తగారిని ముందుకి తోసింది. చివరికి ఓ రాజీకి వచ్చాం. ఇసుక కాగితం వద్దు. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి నేను నానబెట్టి ఊడదీస్తాను, ఆమె వాటిని పళ్ళెంలో పట్టి, శ్రీకాకుళంలో పుట్టింటికి వెళ్ళినప్పుడు నాగావళిలో కలుపుతుంది. ఐదుగురు దేవుళ్ళు ఆ విధంగా దిగారు. ఆరో పలక మీద అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఉన్నాడు. గుడ్డ అక్కడిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాను. "ఈయన్ని ఇవాళ కదపకూడదు, ఆదివారం" అనేశాను. "ఎవరు చెప్పారు?" అంది మౌనిక. ఎవరు చెప్పారో నాకు బాగానే గుర్తుంది. నానిన మైదా జిగురు వాసన కూడా అప్పటికే ముక్కుకి తగులుతోంది. ఇంకో గ్లాసు కాఫీ తెమ్మని, ఆమెకి చెప్పడం మొదలుపెట్టాను.

మాది నరసన్నపేట. బట్టల కొట్టు మాది. కొట్టు బజారులో, ఇల్లు దాని వెనక వీధిలో. మా నాన్నా, పెదనాన్నా కలిసి కొట్టు చూసుకునేవారు గానీ కలిసి అనేది ఓ మర్యాద మాట, చూసేది పెదనాన్నే. ఆయన భోజనానికి ఇంట్లోకి వస్తూంటే కొత్తబట్ట గంజి వాసన ముందు వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. ఏ బట్ట కనబడినా అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలపడం ఆయన అలవాటు. పలకరించడానికి వచ్చినవాళ్ళ చొక్కా అంచు కూడా వదిలేవాడు కాదు. కుశల ప్రశ్నలు అడుగుతూనే నలిపి చూసి, మన కొట్టులో కొన్నది కాదని తెలిస్తే మాట కాస్త పొడిగా మారిపోయేది. అంత మనిషి కూడా మా నాన్నమ్మ మాట దాటేవాడు కాదు. నాన్నమ్మ ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు, ఎందుకంటే ఆవిడకి ఆ అవసరం రాలేదు. బియ్యం కొట్టు, బెల్లం కొట్టు, మందుల కొట్టు, ఊళ్ళో ఉన్న వర్తకులందరూ ఏటా మాకు కాలెండర్లు పంపేవారు. ఏడాది తిరగ్గానే తారీకుల కాగితాలు పిల్లల పుస్తకాలకి అట్టలయ్యేవి. పైనున్న బొమ్మని మాత్రం, ఎక్కువగా దేవుడిదే, నాన్నమ్మ జాగ్రత్తగా కత్తిరించి, చుట్ట చుట్టి తన మంచం కింద పెట్టేది. పారేయకూడదు, తొక్కకూడదు, చింపకూడదు. మా ఇంట్లోకి దేవుడు రావడమే గానీ బయటికి పోవడం ఉండేది కాదు.

చిన్నత్త మా నాన్నకి చెల్లెలు. పేరు సుభద్ర. కొత్తవలసలో ఇచ్చారు. పెళ్ళయిన నాలుగేళ్ళకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది, ఆమెతో పాటు ఓ లారీలో ఈ బీరువా వచ్చింది. వంటింటికీ పెరటికీ మధ్య వసారాలో దాన్ని పెట్టారు. కొట్టు తలుపులకి రంగు వేయించినప్పుడల్లా డబ్బా అడుగున మిగిలిన రంగు అడిగి తెచ్చుకుని చిన్నత్త తన బీరువాకి వేసుకునేది. కొట్టు తలుపులు ఆకుపచ్చయితే బీరువా ఆకుపచ్చ, కొట్టు నీలమైతే బీరువా నీలం. పైట నడుముకి బిగించి, కుంచె లేకపోతే కొబ్బరి పీచుతో వేసేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె కూనిరాగం తీసేది, మిగతా ఏ పనిలోనూ తీసేది కాదు. బీరువా తాళంచెవి ఓ దారానికి గుచ్చి మెడలో వేసుకునేది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక బీరువాకి వీపు ఆనించి కూచుని, ఓ అరగంట ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ బీరువాలో ఏముందో మా పిల్లలెవరికీ తెలియదు. నాకైతే లడ్డూలున్నాయని గట్టి నమ్మకం.

ఓ గురువారం మధ్యాహ్నం అన్నంలో మజ్జిగ పోయించుకుంటూ పెదనాన్న ఆ మాట అన్నాడు. "ఒసే సుభద్రా, రేపు నీ బీరువా కొట్టుకి పంపుతన్నాను. రెడీమేడు గౌన్లొచ్చాయి, దుమ్ము కొట్టేస్తన్నాయి. నీ సీరలకి మీ వదిన బీరువాలో ఓ అర కాళీ సేయిస్తాను."

"మరి తాళం అన్నయ్యా?" అంది చిన్నత్త.

"ఇంటి మనిషివి, నీకు తాళమెందుకే? ఇల్లంతా నీదే కదా!"

ఆయన మనసులో చెడ్డ ఏమీ లేదు. నిజంగానే ఇల్లంతా చెల్లెలిదే అనుకున్నాడు. కానీ ఆ ఇంట్లో పెదనాన్నకి ఇనప్పెట్టె ఉంది, పెద్దమ్మకి బీరువా ఉంది, మా అమ్మకి ట్రంకు పెట్టె ఉంది, నాన్నమ్మ నడుముకి వంటింటి తాళాల గుత్తి ఉంది. తలుపు మూసి ఇది నాది అనడానికి చిన్నత్తకి ఉన్నది ఆ బీరువా ఒక్కటే. అదీ పోతే ఆమె ఆ ఇంట్లో అందరి వస్తువుల మధ్యా తిరిగే మనిషిగా మిగిలిపోతుంది. ఈ మాట నాకు అప్పుడు తెలియదు, తొమ్మిదేళ్ళ దాన్ని. నాకు తెలిసిందల్లా చిన్నత్త మజ్జిగ గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కుని, నన్ను పెరట్లోకి పిలిచిందని.

"ఒసే గుంటా, మైదా ఉడకెట్టడం వచ్చునా నీకు?" అంది. రాకపోయినా వచ్చన్నాను. అరగ్లాసు మైదా, నీళ్ళు, చీమా పురుగూ పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. కిరసనాయిలు స్టవ్వు మీద అడుగంటకుండా కలుపుతూ ఉండమని చెప్పి ఆమె లోపలికి వెళ్ళింది. మైలుతుత్తం విషమనీ, చెయ్యి పెట్టొద్దనీ ఆమె చెప్పింది, అందుకని భయపడి నేనసలు వెయ్యలేదు. పైగా బెల్లం వేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని మా పక్కింటి పిల్ల ఎప్పుడో చెబితే, నిమ్మకాయంత బెల్లం ముక్క వేసి కరిగించాను. ఆ జిగురుతో చిన్నత్త కుడి తలుపు పైపలక మీద లక్ష్మీదేవిని అంటించింది. బొమ్మ నాన్నమ్మ మంచం కింది చుట్టలోది. కమలం రేకులు కూడా ముడత పడకుండా గుడ్డతో మధ్యనుంచి అంచులకి ఒత్తుకుంటూ వెళ్ళింది. ఇప్పుడు మౌనిక ప్లాస్టిక్ ముక్కతో చేసే పని సరిగ్గా అదే, కాకపోతే మౌనిక దాన్ని వీడియో తీస్తుంది.

శుక్రవారం పొద్దున్నే కొట్టులో బరువులు మోసే ఇద్దరు కళాసీలు మోకు పట్టుకుని వచ్చారు. వసారాలోకి వచ్చేసరికి బీరువా ముందు నాన్నమ్మ నిలబడి ఉంది. లక్ష్మీదేవి నుదుట అప్పటికే పసుపూ కుంకుమా ఉన్నాయి, పాదాల దగ్గర నా బెల్లం పుణ్యమా అని చీమలు బారులు తీరి ఉన్నాయి. "సూడరా, పొద్దున్న లేసి సూద్దును కదా, లచ్చిమి దగ్గరికి సీమలొచ్చాయి. ఇంతకంటే సుభం ఉంటాదేటి? శుక్రవారం పూట ఈవిడిని గుమ్మం దాటిస్తావేట్రా?" అంది. "అది బీరువా అమ్మా" అన్నాడు పెదనాన్న. "నిన్నటిదాకా బీరువా" అంది నాన్నమ్మ. వర్తకుడు కదా, శుక్రవారం లక్ష్మి అనేసరికి ఆయన వెనక్కి తగ్గాడు. తల గోక్కుని, "సరే, రేపు తీసుకెళ్తాను. లచ్చిమి కొట్టుకొస్తే మంచిదే" అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం రెండో పలక మీదకి వెంకటేశ్వరస్వామి వచ్చాడు. శనివారం పొద్దున్న నాన్నమ్మ కొత్త సంగతి చెప్పింది. ఏ దేవుడి వారం నాడు ఆ దేవుణ్ణి ఉన్నచోటినుంచి కదపకూడదట. అలాంటి నియమం ఒకటుందని ఆ రోజు దాకా మా ఇంట్లో ఎవరూ వినలేదు, కానీ నాన్నమ్మ చెప్పాక అది ఎప్పటినుంచో ఉన్నట్టే అయింది. ఆదివారానికి అరసవల్లి స్వామి తయారు. సోమవారం శివుడు. ఆ రోజు పెదనాన్న లోపలికి కూడా రాలేదు, అరుగు మీదే నిలబడి, "ఇవాళ ఎవరే?" అని నన్ను అడిగాడు. "శివుడు పెదనాన్నా" అన్నాను. తల ఊపి వెనక్కి తిరిగాడు. మంగళవారం ఆంజనేయుడు. రోజూ వచ్చినందుకు మా అమ్మ కళాసీలకి టీ ఇచ్చేది, అందుకని వాళ్ళు మోకు తేవడం మానేసి గ్లాసు కోసం వచ్చేవారు. బుధవారం ఎవరిదనే విషయంలో చిన్నత్తకి అనుమానం వచ్చింది. ఎవరిదో కచ్చితంగా తెలియని వారమైతే వినాయకుడు అభ్యంతరం చెప్పడని ఆయన్ని అంటించింది. బుధవారం నాన్నమ్మ కూడా క్షణం ఆలోచించి, వినాయకుడికి అన్ని వారాలూ ఆయనవేనని తీర్పు చెప్పింది. నాకు ఆ వారం రోజులూ పండగలా గడిచాయి. మైదా ఉడకబెట్టడంలో నా అంత దిట్ట నరసన్నపేటలో లేదనుకునేదాన్ని.

గురువారం వచ్చేసరికి ఆరు పలకలూ నిండిపోయాయి. బీరువాకి ఓ పక్క గోడ, ఇంకో పక్క స్తంభం, అంటించడానికి చోటు లేదు. చోటున్నా ప్రయోజనం లేదు, చుట్టలో మిగిలినవి బోసినవ్వుల పసిపిల్లలూ మంచు కొండలూను. మంచు కొండకి వారమేముంటుంది? పొద్దున్నే జిగురు గిన్నె పట్టుకుని వెళ్ళిన నాకు, "ఇంక సాల్లే, గిన్నె కడిగేసెయ్" అంది చిన్నత్త. మెడలో దారం తీసి, తాళంచెవితో బీరువా తెరిచింది, సామాను తీసి ఇచ్చేయడానికి. లోపల ఏముందో నేను మొదటిసారి అప్పుడు చూశాను. పై అరలో రెండు నేత చీరలు, ఓ దువ్వెన, మామయ్య కళ్ళజోడు పెట్టె. కింది రెండు అరలూ ఖాళీ. లడ్డూ మాట అటుంచి, పంచదార పలుకైనా లేదు. వారం రోజుల నా చాకిరీ దీనికోసమా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో పెదనాన్న కళాసీలతో లోపలికి వచ్చాడు. తెరిచి ఉన్న బీరువా ముందు ఆగాడు. చెయ్యి దానంతటదే వెళ్ళి చీర అంచు నలిపింది. "కింద రెండరలూ కాళీయేనే! కాళీ బీరువాకి వారం రోజులు ఇంత పేసీ ఏటే?" అన్నాడు.

"కాళీయే అన్నయ్యా" అంది చిన్నత్త. "నువ్వు నాకేటీ తక్కువ సెయ్యలేదు. అందరివీ వాడుకుంటన్నాను, ఎవరూ వొద్దన్నేదు. కానీ నేనేదైనా దాసుకోవాలంటే, ఎవర్నీ అడక్కుండా దాసుకోడానికి ఓ సోటుండాలి కదా. దాసుకుంటానా లేదా, అది వేరే సంగతి."

చీర అంచు ఇంకా పెదనాన్న వేళ్ళ మధ్యే ఉంది. వారమంతా మాట్లాడిన నాన్నమ్మ ఆ రోజు వంటింట్లోంచి బయటికి రాలేదు. చివరికి కళాసీల్లో ఒకడు, "బాబూ, ఎత్తమంటారా?" అని అడిగాడు. పెదనాన్న ఖాళీ అరల వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. "గురువారం కూడా బాగోలేదురా" అన్నాడు. ఏ దేవుడి పేరూ చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు. నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కళ్ళు తడుస్తాయి. అది చెప్పినప్పుడు మౌనిక కూడా తల తిప్పుకుంది, కాఫీ చల్లారిపోయిందని వంక పెట్టింది.

ఆ సాయంత్రం పెదనాన్న ఓ వార్నీషు డబ్బా, ఓ కాగితాల కట్టా తెచ్చి బీరువా మీద పెట్టాడు. కట్టలో ఉన్నవి మిల్లు టికెట్లు. ఆ రోజుల్లో బట్ట తాన్ల మీద అంటించి వచ్చేవి, చిలకలూ, ఏనుగులూ, వీణ వాయించే అమ్మాయిలూ, చుట్టూ బంగారు అంచూ. మేం పిల్లలం ఒక్కదానికోసం కొట్టుకునేవాళ్ళం, ఆయన ఇచ్చేవాడు కాదు. "వార్నీసు ఎయ్యకపోతే పురుగు కొట్టేస్తాది. ఈ టికెట్లు పలకల సుట్టూ అంటించుకో, బాగుంటాది" అని చిన్నత్తతో అని, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. గౌన్లకి తర్వాత వడ్రంగి చేత అద్దాల బీరువా చేయించాడు. నాన్నమ్మ సంగతి నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. ఆవిడ మంచం కింది చుట్టలోంచి రోజుకో దేవుడు మాయమవుతున్నా, ఇల్లంతా అగ్గిపుల్లలతో సహా తెలిసిన ఆవిడకి తెలియలేదంటే నేను నమ్మను. అడుగుదామంటే అప్పటికి ఆవిడ లేదు.

చిన్నత్త పోయేముందు బీరువా నాకు ఇమ్మందట. అది మా ఇంటికొచ్చాక నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, అందులో పాత పేపర్లు, మూత పోయిన కుక్కరు, పిల్లల పాత బూట్లు కుక్కి బాల్కనీలో పడేయడం. తాళం తుప్పు పట్టిందని పగలగొట్టించాను కూడా. ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. చిన్నత్త దేనికోసం వారం రోజులు కష్టపడిందో అది నా చేతుల్లో పడి పోయింది. ఈ సంగతి మౌనికకి చెబుతున్నప్పుడు నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం ఇసుక కాగితం తీసుకుని, దేవుళ్ళు దిగిపోయిన పలకల్ని రుద్దడం మొదలుపెట్టింది.

లోపలి చెత్తంతా తీసేసి, పదిహేను రోజుల్లో బీరువా తయారుచేసింది. లేత నీలం రంగు, ఐదు పలకల మీద పసుపు పచ్చటి చిన్న చిన్న పూల కాగితాలు, పైన మెరుపు లేని వార్నీషు. సూర్యనారాయణమూర్తిని మాత్రం కదపలేదు, ఆయన చుట్టూ టికెట్లు కూడా అలాగే ఉంచి మెత్తటి కుంచెతో తుడిచింది. బాగుంది అని పైకి చెప్పాను. చాలా బాగుందని చెబితే మర్నాడు నా మంచానికి కూడా పూలు పూస్తాయని భయం. తర్వాత గంటస్తంభం దగ్గరికి వెళ్ళి ఓ మనిషిని తీసుకొచ్చి కొత్త తాళం బిగించింది. అత్తగారి కథ విని కరిగిపోయి తాళంచెవి నా చేతికిస్తుందని, నేను హాల్లో కూచుని చెయ్యి కొంచెం చాపి కూడా పెట్టాను. ఆమె దాన్ని తన స్కూటీ తాళాల గుత్తికి తగిలించుకుని మీటింగుందని వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. ఓ పూట ముభావంగా ఉన్నాను. ఆమె గమనించలేదు, మీటింగు సాయంత్రం దాకా సాగింది.

కోపంతో కూచున్నవాళ్ళకి చుట్టూ చూడడం తప్ప పనేముంటుంది? మా నరసన్నపేట ఇంట్లో పదకొండు మందిమి ఉండేవాళ్ళం, బీరువాలు రెండే. విజయనగరంలో ఈ ఫ్లాటులో ఐదుగురం, నేలనుంచి కప్పుదాకా అన్నీ అరలే. దేనికీ తాళం లేదు. ఇప్పటి ఆడపిల్లలకేం, సొంత జీతం, సొంత బండి, అడిగేవాళ్ళు లేరు అని నేను పదిమందిలో చాలాసార్లు అన్నాను. ఆ పూట మొదటిసారి తెరిచి చూశాను. మౌనిక చీరల అరలో చుట్టాలొస్తే వేసే దిండ్లున్నాయి. ఆమె సొరుగులో నా మందులు, పిల్లల రంగు పెన్సిళ్ళు. ఆమె ఆఫీసు మా భోజనాల బల్ల, కూర గిన్నె వచ్చినప్పుడల్లా కంప్యూటరు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే చూస్తున్నాను, కళ్ళజోడు పెట్టుకునే చూస్తున్నాను.

మొన్న మా అబ్బాయి కొత్త ప్రింటరు కొని పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఆ బీరువా కాళీయేగా, ఇది అందులో పెడతాను. తాళం ఏదీ?" అన్నాడు. భోజనాల బల్ల దగ్గర మౌనిక తలెత్తలేదు గానీ టైపు చేయడం ఆపేసింది.

"అది మౌనికది" అన్నాను.

"అదేటమ్మా, ఇల్లంతా తనదే కదా!" అని నవ్వాడు.

ఇల్లంతా ఆమెదే అని పెళ్ళైన కొత్తలో గుమ్మం లోపలికి తీసుకొస్తూ నేనే చెప్పాను. ఆ తర్వాత ఎవరం ఆమెకోసం ఒక్క అర కూడా ఖాళీ చేయలేదు. "ఇల్లు మనందరిదీరా. బీరువా ఆమెది. అందులో ఏం పెట్టుకుంటుందో, అసలు పెట్టుకుంటుందో లేదో నేను అడగను, నువ్వూ అడక్కు" అన్నాను. వాడు అట్టపెట్టె పట్టుకుని కాసేపు హాలు మధ్యలో నిలబడ్డాడు. మౌనిక మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టింది. ప్రింటరు ఇప్పుడు నా మంచం కింద ఉంది. కాగితం కావలసినప్పుడల్లా వాడు నా కాళ్ళ దగ్గర వంగి తీసుకుంటున్నాడు, ఈ వయసులో ఆ మాత్రం వంగడం వాడి నడుముకీ మంచిదే.